బాయికాడ గాలిమోటర్

నాకు తెలివితేటలు ఎక్కువని నేనే చెప్పుకు తిరిగేదాన్ని. ఆ పొగరు కాస్తా దింపింది మా ఇంటి ఓనరు ఆండాలు.

ఎల్బీనగర్‌లో వాళ్ళది కింది వాటా, మాది పై వాటా. ఏడాదిగా వారానికోసారి పిలుస్తూనే ఉంది. “ఇందిరక్కా, ఒక్కపారి మా తమ్ముని బాయికాడికి పోదాం రాండ్రి. గాలిమోటర్లు మస్తు దగ్గర కనవడ్తయి.” నేను కోస్తా మనిషిని. బావి అంటే నీళ్ళు, మోటారంటే వాటిని తోడేది. గాలికి తిరిగే పంపుసెట్టు కాబోలు అనుకున్నాను. ఈ మోకాళ్ళ నొప్పులతో పంపుసెట్టు చూడ్డానికి ఎవరు పోతారు? “వీలు చూసుకుని వస్తాన్లెండి” అని తప్పించుకునేదాన్ని.

నాకు వేరే పనుంది మరి. విమానం చూడాలి. ఏదో ఒకటి కాదు, ఒకే ఒక్కటి.

మూడేళ్ళ కిందట యూరప్ యాత్ర నుంచి తిరిగొస్తుంటే, ఆకాశంలో మా ఆయన వెంకట్రావుగారికి గుండెపోటు వచ్చింది. కెప్టెన్ దారి మళ్ళించి, మేం పేరైనా వినని ఊళ్ళో దింపేశాడు. మూడొందల మంది ప్రయాణం ఆగింది. ఒక్కరూ విసుక్కోలేదు. అంబులెన్స్ ఎక్కుతూ వెనక్కి చూస్తే, ముందు చక్రాల తలుపు మీద ఆ విమానం గుర్తుగా రెండక్షరాలు, ఎఫ్, జె. కెప్టెన్ మొహం చూడలేదు, థాంక్స్ చెప్పలేదు. నాకు మిగిలినవి ఆ రెండక్షరాలే.

ఫోన్లో విమానాల యాప్ పెట్టుకున్నాను. ఆ ఎఫ్‌జె అప్పుడప్పుడూ మధ్యాహ్నం పూట హైదరాబాదు వస్తుందని తెలిసింది. శంషాబాదు రోడ్డు పక్కన నాలుగుసార్లు నిలబడ్డాను. ఒకసారి చెట్లు అడ్డం. ఒకసారి సెక్యూరిటీ అతను పొమ్మన్నాడు. రెండుసార్లు వేరే విమానం వచ్చింది. “నువ్వు దండం పెడితే కెప్టెన్‌కి చేరుతుందా?” అని మా ఆయన నవ్వేవారు. పీక పిసకాలనిపించేది. అంత కష్టపడి బతికించుకున్నాం కదా అని ఊరుకున్నాను.

పోయిన నెల ఆ విమానాల కంపెనీ ఇక్కడికి ఆ పెద్ద విమానాలు ఆపేసింది. ఆఖరి రోజు మూడింటికి వచ్చేది ఎఫ్‌జె. అది తప్పితే ఇక ఈ జన్మకి చూడను. ఆ రోజు పొద్దున డాబా మీద బట్టలారేస్తూ, ఎక్కడ నిలబడాలో తోచక ఏడుపు మొహం పెట్టుకున్నాను. పక్కన ఒడియాలు ఎండబెడుతున్న ఆండాలు తలెత్తి చెయ్యి చూపించింది.

“గదిగో, గాలిమోటర్ పోతున్నది.”

పైన విమానం.

“గాలిమోటరంటే విమానమా!”

“మరేంది? మీరేమనుకున్నరు?”

“పంపుసెట్టు. బావి దగ్గర అన్నారుగా!”

ఆండాలు పిట్టగోడ పట్టుకుని నవ్వింది. “బాయికాడ అంటే పొలంకాడ అక్కా! మా తమ్ముని పొలం ఎయిర్‌పోర్ట్ గోడ పక్కకే ఉన్నది. నెత్తిమీదికెల్లే దిగుతయి.”

నేను నెత్తి కొట్టుకుని సంగతంతా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. “గింత బాధ మనసుల వెట్టుకొని నాకు చెప్పకపోతిరి. నడువుండ్రి, అన్నను గూడ తోల్కరాండ్రి.” ఒడియాలు అక్కడే వదిలేసి కారు తాళాలు తెచ్చింది.

మూడు దాటాక ఆండాలు తమ్ముడి కంది చేను మీదుగా వచ్చింది. రెండు పెద్ద ఇంజన్లు, కొసలు పైకి వంగిన రెక్కలు. ముందు చక్రాల తలుపు మీద ఎఫ్, జె.

“అదే! అదే!” అని అరిచాను. చేతులెత్తి దండం పెట్టాను. “నా మనిషిని నాకిచ్చావు నాయనా, నువ్వు చల్లగా ఉండాలి” అని ఆ చూడని కెప్టెన్‌తో పైకే అన్నాను. ఆండాలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఏడాదిగా విసుగు లేకుండా పిలిచిన మనిషి ఆమె.

పక్కకి చూస్తే మా ఆయన చెప్పులు విప్పేసి మట్టిలో నిలబడి ఉన్నారు. గోడ అవతల చక్రాలు మెల్లగా నేలకి తగిలాయి.

“ఆ రోజు దిగడం నాకు తెలీలేదు ఇందిరా. ఇంత మెల్లగానే దింపారా?”

“లేదండీ. దబ్బుమని దింపారు. అందరం సీట్లలో ఎగిరిపడ్డాం. మీకోసం అంత తొందరపడ్డారు.”

ఆసుపత్రిలో కూడా కంటతడి పెట్టని మనిషి, ఆండాలు చూస్తోందని కూడా చూసుకోకుండా, చేతులు జోడించి వెక్కి వెక్కి ఏడ్చారు.