రెండు వద్దులూ ఒక సరే

"అయ్యయ్యో, నేనెంతవాణ్ణండీ! నాకంటే పెద్దలున్నారు, తెలివైనవాళ్లున్నారు. నన్ను వదిలేయండి" అంటూ మోయ్ గింగ్‌ఫాయ్ అద్దం ముందు నిలబడి, పిడికిలి మీద అరచెయ్యి మూసి ఊపుతూ నడుం వంచాడు.

వంటగదిలోంచి అతని భార్య యూక్‌వా, "మరీ అంత వంచకు. మళ్లీ లేవలేకపోతే నిజంగానే వదిలేస్తారు" అంది.

"నీకేం తెలుసు, నోరు మూసుకో" అన్నాడు గింగ్‌ఫాయ్. అని, ఈసారి కాస్త తక్కువగా వంగాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో చైనాలోని పాక్‌షెక్ ఊరి నుంచి వచ్చినవాళ్ల సంఘానికి ఆ ఆదివారం అధ్యక్షుడి ఎన్నిక. డెబ్బై రెండేళ్ల గింగ్‌ఫాయ్ ఆ కుర్చీ మీద కన్నేసి పంతొమ్మిదేళ్లయింది. నాలుగుసార్లు ఉపాధ్యక్షుడిగా చేశాడు. ఆ సంఘంలో ఉపాధ్యక్షుడంటే మడత కుర్చీలు వేసి తీసేవాడని అర్థం. అధ్యక్షుడి సంగతి వేరు. విందులో మొదటి బల్ల దగ్గర మొదటి కుర్చీ ఆయనది. పెద్దల్ని తలుచుకునే చింగ్‌మింగ్ పండగ రోజున శ్మశానంలో పెద్దల సమాధుల ముందు మొదటి అగరొత్తి ఆయనే వెలిగిస్తాడు. పోయాక కూడా గోడమీద ఫోటోలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఆరా తీస్తుంటాడు. ఆ ఫోటో గింగ్‌ఫాయ్ కిందటేడే తీయించి మంచం కింద దాచిపెట్టాడు. ఇల్లు ఊడ్చినప్పుడల్లా యూక్‌వా దాని దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టేది. ఒక్కనాడూ ఆ మాటెత్తలేదు.

అయితే ఆ కుర్చీ ఎక్కడానికో మర్యాద ఉంది. అడగ్గానే ఒప్పుకున్నవాడు సిగ్గూశరం లేనివాడు. మొదటిసారి 'నేనెంతవాణ్ణి' అనాలి. రెండోసారి ఒంట్లో బాగుండడం లేదనాలి. మూడోసారి జనం మీదపడి లాగుతుంటే, హాల్లో కొలువున్న క్వాన్‌గుంగ్ దేవుడి ఎర్రటి మొహం వైపు ఓ చూపు చూసి, ఓ నిట్టూర్పు విడిచి, 'ఇంతమంది మాట కాదనలేక' అని ఒప్పుకోవాలి. గింగ్‌ఫాయ్ కుర్రాడిగా ఉన్న రోజుల్లో ఒకాయన ఎన్నికైన రోజున మరుగుదొడ్లో దూరి గడియ పెట్టేసుకున్నాడు. గడియ విరగ్గొట్టి మరీ లాక్కొచ్చి కూర్చోబెట్టారు. ఆ తర్వాత పదకొండేళ్లపాటు ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపడం ఎవరి తరమూ కాలేదు. అంత గొప్పగా వద్దన్న మనిషి మళ్లీ పుట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గింగ్‌ఫాయ్ తన ఏర్పాట్లలో తనున్నాడు. చిన్ననాటి స్నేహితుడు తిన్‌యావ్‌కి వారం ముందే పాఠం చెప్పాడు.

"మూడుసార్లు లేవాలిరా. మూడోసారి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగాలి."

"కోటు పట్టుకుని లాగనా? చూడ్డానికి బాగుంటుంది."

"కోటు ముట్టుకున్నావో చంపేస్తాను. కొత్తది."

ఇంత జాగ్రత్త పడ్డ మనిషి ఒక్క సంగతి మాత్రం పట్టించుకోలేదు. ఏళ్ల తరబడి ఎన్నిక నడిపించిన పెద్దాయన, చెవులు పూర్తిగా పోవడంతో, శాక్రమెంటోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పని ఈసారి డెనీస్ మోయ్ నెత్తిన పడింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ముప్ఫై నాలుగేళ్ల లాయరు. తాతలనాటి సంఘం మూతపడకూడదని సెలవు రోజులన్నీ దానికే ధారపోస్తుంది. అలాంటి బంగారుతల్లిని పట్టుకుని ఎవరు మాత్రం ఏమనగలరు? అదే వచ్చిన చిక్కు.

పదకొండింటికల్లా మూడో అంతస్తు హాలు నిండింది. నలభై ఒక్కమంది లెక్కకొచ్చారు. అందులో పంతొమ్మిది మంది ఆడవాళ్లు. వాళ్లకి సభ్యత్వం ఇచ్చి మూడేళ్లే అయింది. విశాల హృదయంతో ఇచ్చారనుకునేరు! మీటింగుకి కావలసినంత మంది దొరకడం మానేశారు. వంటగదిలో ఆడవాళ్లు ఎలాగూ ఉంటారు కదా, వాళ్లని కూడా లెక్కేసుకుంటే ఎవరినీ ఫోన్లు చేసి బతిమాలక్కర్లేదు. ఈ బ్రహ్మాండమైన ఆలోచన గింగ్‌ఫాయ్‌దే. ఆడవాళ్లు సభ్యులయ్యారు, అయ్యాక వెళ్లి మళ్లీ టీ కాచారు.

దేవుడి ముందు మొత్తంగా కాల్చిన పంది, నిగనిగలాడుతున్న తోలుతో, ఎన్నిక ఎప్పుడవుతుందా అన్నట్టు పడుకుని ఉంది. సగంమంది కళ్లు దానిమీదే ఉన్నాయి.

తిన్‌యావ్ లేచాడు. "మా గింగ్‌ఫాయ్ అన్నని మించిన అధ్యక్షుడు మనకి దొరకడు. ఆయన పేరు రాయమ్మా."

గింగ్‌ఫాయ్ ఉలిక్కిపడ్డట్టు లేచాడు. ఆ ఉలికిపాటు కూడా అద్దం ముందు సాధన చేసిందే. పిడికిలి ఊపాడు, నడుం వంచాడు. "అయ్యయ్యో, నేనెంతవాణ్ణండీ! నాకంటే పెద్దలున్నారు, తెలివైనవాళ్లున్నారు. నన్ను వదిలేయండి!" గొంతులో చిన్న వణుకు కూడా కలిసొచ్చింది. వెనక వరసలో ఎవరో 'ఆహా' అన్నారు.

డెనీస్ చేతిలో కాగితం కిందపెట్టి, కళ్లనిండా గౌరవంతో అతని వైపు చూసింది.

"అర్థమైంది బాబాయ్. మీ ఇష్టమే మాకు ముఖ్యం" అని, గింగ్‌ఫాయ్ పేరు మీద గీత కొట్టేసింది.

గింగ్‌ఫాయ్ ఇంకా వంగే ఉన్నాడు. రెండో పిలుపు వస్తుంది కదా అని.

తిన్‌యావ్ కంగారుగా సగం లేచాడు. "అది కాదమ్మా, అన్నని ఇంకోసారి..."

"వద్దు బాబాయ్" అంది డెనీస్ మెత్తగా. "ఒకళ్లు వద్దన్నాక మళ్లీ మళ్లీ అడిగితే అది బలవంతపెట్టడమే. అందులోనూ పెద్దవాళ్లని! మా తాతయ్యని ఎవరైనా అలా ఇబ్బందిపెడితే నేను ఊరుకోను. ఇంత వినయంగా తప్పుకున్న బాబాయ్‌కి అందరూ చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. ఏం చేస్తారు మరి! తన పంతొమ్మిదేళ్ల ఆశకి కర్మకాండ చేస్తున్నట్టున్న ఆ చప్పట్ల మధ్య గింగ్‌ఫాయ్ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. 'ఓసి పిచ్చిపిల్లా, అది ఉత్తుత్తి వద్దే!' అని గొంతుదాకా వచ్చింది. కానీ అనడమెలా? ఆ మాట నోరు జారితే, తనకి కుర్చీ కావాలని పదిమందిలో ఒప్పుకున్నట్టే. పరువుతో బతికినవాడు అంతకంటే మెట్ల మీంచి దూకడం నయమనుకుంటాడు.

తర్వాత షిక్‌వింగ్ పేరొచ్చింది. ఇరవై ఏళ్లుగా గింగ్‌ఫాయ్‌కి పక్కలో బల్లెంలా తయారైన మనిషి. జరిగిందంతా కళ్లారా చూశాడు. వద్దంటే కుర్చీ పోతుంది. సరే అంటే పరువు పోతుంది. మొహం నిండా చెమటలు పట్టాయి. అనేస్తాడా? సరే అనేస్తాడా? అనేస్తే గింగ్‌ఫాయ్ గుండె అక్కడే ఆగిపోయేది. షిక్‌వింగ్ నోరు తెరిచాడు, గుటక వేశాడు. డెబ్బై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

"నేనెంతవాణ్ణి..." అని అతని నోరే అనేసింది. వెంటనే నాలుక కరుచుకున్నాడు. డెనీస్ గీత కొట్టేసింది. చప్పట్లు.

మూడో ఆయన అలాగే పోయాడు. నాలుగో ఆయన మర్యాదలో అందరినీ మించాలని రెండు వద్దులూ ఒకేసారి చెప్పి, మూడో పిలుపు ఒక్కటే మిగిలిందన్న ధీమాతో నిలబడ్డాడు. అతనికి మిగతావాళ్లకంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

గింగ్‌ఫాయ్ ఆఖరి ప్రయత్నంగా దగ్గాడు. "డెనీస్ తల్లీ, ఈమధ్య నా ఆరోగ్యం భలేగా ఉందిలే. డాక్టరే ఆశ్చర్యపోతున్నాడు."

"చాలా సంతోషం బాబాయ్! అలాగే జాగ్రత్తగా చూసుకోండి" అంది డెనీస్. తర్వాత దిగులుగా అందరినీ కలయజూసింది. "మన సంఘంలో ఎవరికీ పదవుల మీద ఆశ లేదని నాకివాళే తెలిసింది. నిజంగా గర్వంగా ఉంది. కానీ అధ్యక్షుడు లేకపోతే చింగ్‌మింగ్ పూజ ఎవరు చేస్తారు? ఎవరో ఒకరు ముందుకు రండి."

ఎవరొస్తారు? తమంతట తాము ముందుకు రావడమంటే అడగ్గానే ఒప్పుకోవడం కంటే హీనం. ఇరవై ఇద్దరు మగవాళ్లూ చూపులు బూట్లలోకి దించేశారు. పంది చల్లారిపోతోంది. తిన్‌యావ్‌కి ఆకలికి తిక్కరేగింది. వంటగది గుమ్మంలో టీ కెటిలు పట్టుకుని నిలబడ్డ యూక్‌వా కనపడింది.

"ఇంకెవరు, మా వదిన్నే చేసెయ్యమనండి! టీ కాచేదీ ఆవిడే, పందికి ఆర్డరిచ్చేదీ ఆవిడే, ఎవరి సమాధి ఎక్కడుందో గుర్తున్నదీ ఆవిడకే!"

హాలంతా ఘొల్లున నవ్వింది. గింగ్‌ఫాయ్ కూడా నవ్వాడు, పొద్దుట్నుంచి మొదటిసారి.

డెనీస్ నవ్వలేదు. పేరు రాసుకుంది. "పిన్నీ, మీకిష్టమేనా?"

యూక్‌వా కెటిలు పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"సరే, చేస్తాను" అంది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఒక ముసలాయనకి పొలమారింది కూడా. ముందు వంటగదిలోంచి ఒక చెయ్యి లేచింది, పిండి అంటుకుని ఉంది. తర్వాత పంతొమ్మిది చేతులూ లేచాయి. తిన్‌యావ్ పంది వైపోసారి, గింగ్‌ఫాయ్ వైపోసారి చూసి, మెల్లగా తన చెయ్యీ ఎత్తాడు. ఆకలి ముందు స్నేహం ఏపాటిది! షిక్‌వింగ్ మాత్రం రెండు చేతులూ ఎత్తాడు, గింగ్‌ఫాయ్ మొహం చూడ్డానికి. డెనీస్ అందులో ఒక్కటే లెక్కపెట్టింది. మొత్తం ఇరవై ఒకటి, సగానికి పైనే.

గింగ్‌ఫాయ్ చెయ్యి మాత్రం లేవలేదు.

విందులో యూక్‌వా మొదటి బల్ల దగ్గర మొదటి కుర్చీలో కూర్చుంది. మడత కుర్చీలు ఎవరు తీయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ అలవాటుగా గింగ్‌ఫాయ్ వైపు చూశారు.

మధ్యాహ్నం మూడింటికి మొగుడూపెళ్లాలు క్లే వీధి ఎత్తు ఎక్కుతూ ఇంటిదారి పట్టారు. మిగిలిన పంది మాంసం డబ్బా అతని చేతిలో ఉంది. సగం ఎత్తు ఎక్కేదాకా ఓపిక పట్టాడు. ఇక ఆగలేకపోయాడు.

"సిగ్గుండాలి! అడగ్గానే సరే అంటావా? నలుగురూ ఏమనుకుంటారు? కనీసం ఒక్కసారి వద్దనలేవూ? అదేం మర్యాద?"

"వద్దంటే?"

"రెండోసారి అడిగేవాళ్లు!"

"ఎవరు?" అంది యూక్‌వా.

గింగ్‌ఫాయ్ డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అంటే... ఎవరో ఒకరు అడిగేవారు. పద్ధతి కదా."

"నన్నెవరయ్యా రెండోసారి అడిగేది?" యూక్‌వా ఆయాసానికి ఆగి, రెయిలింగు పట్టుకుంది. గొంతులో కోపం లేదు. "ఈ ఊరొచ్చిన కొత్తలో రాత్రిబడికి వెళ్లి ఇంగ్లీషు చదువుకుంటావా అని అడిగావు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ కొత్త పెళ్లికూతుర్ని, అడగ్గానే ఊఁ అంటే బాగుండదని, ఎందుకులే వద్దన్నాను. మళ్లీ అడుగుతావు కదా అని. నువ్వు సరే అని అన్నం తినడం మొదలెట్టావు."

"నేనా?"

"వారంరోజులు చూశాను. పొద్దున టీ ఇస్తూ చూశాను, రాత్రి కాళ్లు పడుతూ చూశాను. అడగలేదు. పైవారం మీ అమ్మ నన్ను బట్టల ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. ముప్ఫై ఒక్క ఏళ్లు జిప్పులు కుట్టాను." ఆమె రెయిలింగు వదిలేసింది. "పాపం, ఇవాళ ఆ పిల్లని తిట్టకు. దానికి తెలీదు. నీకు తెలుసు."

ఆమె మళ్లీ ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. గింగ్‌ఫాయ్ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు తిన్నది ఏ అన్నమో, ఏ కూరో, ఆమె వద్దన్నప్పుడు మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. షిక్‌వింగ్ చెమటలు గుర్తున్నాయి, మరుగుదొడ్డి గడియ విరిగిన చప్పుడు కూడా గుర్తుంది. ఆ రోజు మాత్రం ఎంత వెతికినా గుర్తుకు రాలేదు.