మళ్లీ కొలవాలి

"ఎవరి తప్పో తేలేదాకా ఎవరూ బయటికి పోరు!" అల్లుడు తలుపుకి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

కంటి డాక్టరమ్మ బల్ల మీది ఫైలు తెరిచింది. కుర్చీలో ఉన్నది గడియారాలు బాగుచేసే పెద్దాయన. శుక్లం ఆపరేషనై నెల దాటినా ఆయనకి వీధిలో బోర్డూ మసకే, చేతిలో గడియారపు మరా మసకే.

"లోపల పెట్టిన లెన్సు పవరు తప్పు. కొలత తీసింది ఈ అమ్మాయేగా? కళ్లు నెత్తికెక్కాయా?" అల్లుడు పక్కనే నిలబడ్డ టెక్నీషియన్ మీద విరుచుకుపడ్డాడు.

"దాన్నేం అనకు అల్లుడూ," అన్నాడు పెద్దాయన. "ఆపరేషన్‌కి ముందే, కన్ను పొడిబారింది, మూడు వారాలు చుక్కలేసుకుని రండి, మళ్లీ కొలుద్దాం అంది. బొటబొటా నీళ్లు కారే కన్ను పొడేంటే పిచ్చిమొహమా అని నేనే నవ్వేశాను."

"అయితే చేజేతులా చేసుకున్నారన్నమాట, మామయ్యా!" అల్లుడి చెయ్యి గడియ మీదికి వెళ్లింది.

డాక్టరమ్మ ఊ అంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కానీ పొడిబారిన కన్నే మంటకి నీళ్లు కారుస్తుందనీ, ఆ కంటి మీద తీసిన కొలత నిలవదనీ ఆమెకి తెలుసు. అది తెలియకపోవడం పెద్దాయన తప్పు కాదు.

"ఆగండి," అంది. "మళ్లీ కొలవాలని ఈ అమ్మాయి ఫైల్లో రాసింది. అది చదివి కూడా, ఏం కాదులే అని ఆపరేషన్ చేసేశాను. తప్పు నాది."