రెన్యూవల్‌కు వచ్చిన తుపాకి

బ్రహ్మచారి తుపాకి తుడిచేటప్పుడు ముందుగదిలోకి ఎవరూ రాకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటు. చాప మీద పాత దుప్పటి పరిచేవాడు. డబల్ బారెల్‌ను నడుము దగ్గర విరిచి, గొట్టాల్లోంచి అవతలి వెలుతురు చూసుకునేవాడు. ఆ తర్వాతే నూనెగుడ్డ ముట్టేవాడు. బీరువాలో తుపాకి ఒక అరలో ఉండేది, తూటాలు ఇంకో అరలో. తాళంచెవులు రెండూ ఆయన మొలతాడుకే. ఇంట్లో తుపాకిలో తూటా పెట్టడమంటే ఆయన లెక్కలో అన్నంలో మన్ను పోసుకోవడమే.

మిలిటరీ నుంచి వచ్చాక ఆ తుపాకి కొనుక్కున్నందుకే ఆయనకు బ్యాంకులో గన్‌మన్ కొలువు దొరికింది. ఏళ్ల తరబడి ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక్కసారీ పేల్చాల్సిన అవసరం రాలేదు. ఆ కొలువుతోనే అల్వాల్‌లో రెండు గదులు కట్టాడు, కూతురు రజిత పెళ్లి చేశాడు. కొలువు మానేసినా లైసెన్స్ మాత్రం వదల్లేదు.

ఆదివారాలు ఐజాక్ వచ్చేవాడు. ఆయనా మాజీ జవానే, ఇంకా గన్‌మన్‌గా చేస్తున్నాడు. ఇద్దరూ కూర్చుంటే మాటలన్నీ లైసెన్సు మీదే.

"ఏం పరేషాన్ పెడుతున్నరన్నా. కొత్త తూటాలు కావాలంటే పాతయి ఏమైనయో చెప్పాలంట. నేను కాల్చనే లేదు, ఏం చెప్పాలె? చెదలు తిన్నయని చెప్పనా?" అన్నాడు ఐజాక్.

"దొంగనాకొడుకులు తీస్కుంటరా లైసెన్సు? రూల్సన్నీ సీదా మనిషికే."

"మరి రూలే వద్దంటవా?"

"రూలుండాలె. లేకుంటే మా బామ్మర్ది బరాత్‌ల కాలుస్తడు, గుర్రం సుత పారిపోతది. కని నాకెందుకు చెప్పు? ఇన్నేండ్లు ఆయుధం పట్టిన చేతికి మళ్ల పరీక్షనా? డాక్టర్ కాగితమంట, బుర్ర సక్కగ పనిచేస్తుందని."

"అది మాత్రం నీకు కష్టమే," అన్నాడు ఐజాక్. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

చాయ్ తెచ్చిన ఆయన భార్య శారదమ్మ నవ్వలేదు. ఆయన ఆ బామ్మర్ది మాట ఆ పొద్దుట్నుంచి చెప్పడం అది మూడోసారి. మొన్న ఒకనాడు పాత యూనిఫాం చొక్కా తొడుక్కుని, డ్యూటీకి ఆలస్యమైందని బస్టాపు దాకా పోయాడు. పద్మారావు నగర్ నుంచి రజిత వస్తే, గేటు దగ్గర నిలబెట్టి "ఎవలు కావాలమ్మా?" అని మర్యాదగా అడిగాడు. రజిత ఏడ్చింది. శారదమ్మ మాత్రం మనసులోనే దాచుకుంది. పెద్దతనం, ఎవరికి లేదు మరుపు, అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే గది ఊడుస్తూ తలుపు వెనక చూసింది. తుపాకి అక్కడ గొడుగులా గోడకు ఆనించి ఉంది. బీరువా బార్లా తెరిచి ఉంది. శారదమ్మ ఎన్నడూ దాన్ని ముట్టినది కాదు. కానీ ఆయన విరిచే పద్ధతి చూసి చూసి చేతులకు తెలిసినట్టే ఉంది. విరిచింది. గొట్టాల్లో వెలుతురు లేదు. రెండింటిలోనూ ఇత్తడి బిళ్లలు మెరిశాయి.

రజిత రావాల్సిన పూట అది. తూటాలు గోళ్లతో లాగి కొంగున ముడేసుకుంది.

ఆయన లేచాక మెల్లగా అడిగింది. "ఇగో, తుపాకిల తూటాలు ఎందుకు పెట్టినవ్?"

"నేనా? నాకేమన్న పిచ్చా? ఇంట్ల తూటా పెడ్తనా?"

ఆయన అబద్ధమాడలేదు. అది ఆ ముఖం చూస్తేనే తెలిసింది. తూటాలకంటే ఆ నిజానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

"పోలీసోళ్లకు చెప్పెయ్యమ్మా," అంది రజిత, రావొద్దని చెప్పడానికి తల్లి ఫోన్ చేస్తే.

"చెప్తే ఇస్తరా మళ్ల? మీ నాయినకు అదొక్కటే మిగిలింది. అది పోతే నా దిక్కు చూస్తడా ఇగ?"

లైసెన్స్ రెన్యూవల్ విచారణకు కానిస్టేబుల్ వేణుమాధవ్ వచ్చేనాటికీ ఆమె ఎటూ తేల్చుకోలేదు. ఏ చీర కట్టినా ఆ తూటాలు కొంగుముడిలోనే ఉన్నాయి. ఆ రోజు బ్రహ్మచారి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మిలిటరీ నంబరు, పనిచేసిన ఊళ్లు తడుముకోకుండా చెప్పాడు. అబ్బ, ఎంత చక్కగా చెప్పాడో. ఈయన్నేనా అనుమానించింది అనిపించింది శారదమ్మకు.

"అమ్మా, సార్‌తోటి మీకేమన్న ఇబ్బందున్నదా? ఇంటోళ్లను అడగాలె, తప్పదు," అన్నాడు వేణుమాధవ్.

బ్రహ్మచారి నవ్వాడు. "చెప్పు. మంచి మోకా దొరికింది. ఇన్నేండ్ల తక్లీఫంత ఒకటేసారి రాపిచ్చుకో."

శారదమ్మ కొంగుముడి విప్పింది. తూటాలు రెండూ చాయ్ కప్పు పక్కన పెట్టింది.

"ఇవి తుపాకిల ఉండె బిడ్డా. ఆయనే పెట్టిండు. ఆయనకు యాదికి లేదు."

బ్రహ్మచారి తూటాలవైపు చూశాడు. తర్వాత ఆమెవైపు చూశాడు. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది. ఆయన లేచి లోపలికి పోయి తుపాకి తెచ్చాడు. విరిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూసుకుని, తుపాకి మడమను ముందుకు తిప్పి వేణుమాధవ్ చేతికిచ్చాడు. సైన్యంలో ఎలా అప్పగించాలో అలాగే ఇచ్చాడు.

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. పళ్లెం ముందు పెడితే తినేవాడు, పక్క వేస్తే పడుకునేవాడు. కొన్నాళ్లకు ఆ కోపాన్ని కూడా మరుపు తీసుకుపోయింది.

"తుపాకేది?" అని అడిగాడు ఒకనాడు.

ఎలక్షన్లొస్తే లైసెన్సులోళ్లంతా ఆయుధాలు స్టేషన్లో అప్పజెప్పాలి. ఆ మాటే శారదమ్మ నోటికొచ్చింది. "ఎలక్షన్లు గదా. స్టేషన్ల పెట్టినం."

"దొంగలకు లేవు ఎలక్షన్లు, మాకే అన్నీ," అని గొణుక్కుంటూ బయటికి పోయాడు.

మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. ఓట్లు పడ్డాయంది, లెక్కింపు కాలేదంది. ప్రతిసారీ ఆయన కొత్తగా విని కొత్తగా విసుక్కున్నాడు. ఆమెకు మాత్రం ప్రతిసారీ పాతబాధే.

ఒకపూట అన్నం తింటూ ఆయన ఉన్నట్టుండి అన్నాడు. "మా గన్‌మన్లల్ల ఒకడుండె తెల్సా? మంచోడే పాపం. వాని పెండ్లామే పోలీసోళ్లకు చెప్పిందంట, ఇంట్ల తూటా పెట్టిండని."

శారదమ్మ చేతిలో గరిటె ఆగింది.

"గట్లనా. ఆయనేమన్నడు మరి?"

ఆయన ముద్ద కలుపుతూ ఆలోచించాడు.

"ఏమంటడు? ఆమె పెడుతుంది, వాడు తింటున్నడు."

పళ్లెం కొంచెం ముందుకు జరిపాడు. శారదమ్మ పప్పు వడ్డించింది.