కొసరు బ్యాచ్

తాయప్పకు ఆ కంప్యూటరంటే దిగిన రోజు నుంచే కోపం. నాలుగో తరగతిలో బడి మానేసి పార పట్టిన మనిషి. పత్తిచెక్క, మొక్కజొన్న పిండి, తవుడు నేల మీద కుప్ప పోసి తిరగేసీ తిరగేసీ అరచేతులు చెప్పుల అడుగుల్లా అయ్యాయి. ఆ చేతులతో ఇప్పుడు మీటలు నొక్కమంటున్నారు. "గానుగెద్దుకు గడియారం కట్టినట్టుంది నా బతుకు" అని రోజూ సణుగుతూనే ఉన్నాడు.

సణిగినా ఆ యంత్రం నడవక తప్పదు. రాయచూరు జిల్లా సిరవార ఊరి చివర ఈ పశువుల దాణా షెడ్డు హనుమాయమ్మది. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి పెట్టిన కుటుంబం. ఆవిడ పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

"పాల సంఘం వాళ్లు మధ్యాహ్నం వస్తారయ్యా తాయప్పా. వాళ్ల కళ్ల ముందు మూడు బ్యాచ్‌లు వరసగా, ఎర్ర దీపం వెలగకుండా దిగాలి. దిగితే వాళ్ల ఆవులన్నిటికీ దాణా మనదే. లేదంటే షెడ్డు బియ్యం మిల్లోళ్లకి ఇచ్చేసి, బాళగనూరులో మా తమ్ముడి దగ్గరికెళ్లి కూచుంటాను."

ఆవిడకు తమ్ముడున్నాడు. తాయప్పకు ఎవరున్నారు? యాభై దాటిన హమాలీని పిలిచి పని ఇచ్చేదెవరు? ఆ మాటను పళ్ల సందున నమిలి మింగాడు.

సెట్టింగులు పెట్టడానికి రాయచూరు నుంచి సహన వచ్చింది. మెషీన్ కంపెనీ పిల్ల, మాట మాత్రం ఊరి పిల్లదే. ఒక్కో బ్యాచ్‌కు ఎంత సరుకు, ఏది ముందు, ఏది వెనక, ఎంత తేడా వస్తే ఊరుకోవాలి అన్నీ తెర మీద నింపింది. పత్తిచెక్క, పిండి పైనున్న డబ్బాల నుంచి వాటంతటవే పడతాయి. తవుడు, ఖనిజాల పొడి, ఉప్పు మాత్రం షెడ్డులో కూలికి వచ్చే భీమమ్మ చేత్తో తూకం తొట్టిలో పోయాలి. అదే వరస, ఉప్పు ఆఖరు. ఒక్కోదాని తూకం నిండగానే గంట మోగుతుంది, అక్కడ ఆపాలి.

సరిచూసుకోడానికి తిప్పిన మొదటి బ్యాచ్‌లో ఉప్పు దగ్గర ఎర్ర దీపం. రెండో బ్యాచ్‌లోనూ ఉప్పు దగ్గరే. తూకం ఎక్కువైందని యంత్రం కాళ్లు బిగదన్ని నిలబడింది.

"ఏంది భీమక్కా, కండ్లు కనబడ్తలేవా?" అన్నాడు తాయప్ప.

"నీకు కనబడ్తున్నయా? బరాబర్ పోసిన. గంట కొట్టంగనే ఆపిన."

సహన మూడోసారి భీమమ్మ పక్కనే నిలబడి చూసింది. గంట మోగింది. భీమమ్మ చేట దించింది. దించి, చెయ్యి తుడుచుకోబోతూ బస్తాలోంచి పిడికెడు ఉప్పు తీసి తొట్టిలో విసిరింది. ఎర్ర దీపం వెలిగింది.

"అవ్వా, గదేంది?"

"ఏది?"

"ఇప్పుడేసినవు గదా, పిడికెడు."

భీమమ్మ తన చేతి వంక తానే వింతగా చూసుకుంది. "అది కొసరు బిడ్డా. కొలిచినంక కొసరెయ్యకుంటే ఎట్ల? నోరులేని జీవాలు తినేది."

"జర తేడా ఎక్కువ ఒప్పుకొమ్మని దానికి చెప్పరాదు?" అన్నాడు తాయప్ప.

"ఉప్పుకు వద్దు కాకా. సంఘమోళ్లు పరీక్ష చేస్తే మాల్ వాపసే." సహన కాసేపు ఆలోచించి గంట పిడికెడు ముందే మోగేలా పెట్టింది. "అవ్వా, నీ కొసరు గుడ లెక్కల కలిపిన. ఇగ ఎయ్యి."

గంట మోగింది. భీమమ్మ పిడికెడు వేసింది. ఆగి, ఇంకో పిడికెడు వేసింది. ఎర్ర దీపం.

"మళ్ల ఎందుకేసినవు?"

"లెక్కల కలిపినంక అది కొసరెట్లయితది?" భీమమ్మకు నిజంగానే అర్థం కాలేదు.

గోడ గడియారం చూసి హనుమాయమ్మ లేచి వచ్చింది. "ఆవిణ్ణి కూచోబెట్టు తాయప్పా. నువ్వే పొయ్యి."

సహన గంటను మళ్లీ మొదటి తూకానికి మార్చింది. తాయప్ప చేట లాక్కున్నాడు. "ఆడోళ్లకిస్తే గిట్లనే అయితది" అంటూ తవుడు పోశాడు, పొడి పోశాడు, ఉప్పు పోశాడు. గంట మోగింది, ఆపాడు. గర్వంగా భీమమ్మ వైపు తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూనే అతని ఎడమ చెయ్యి బస్తాలోకి పోయి పిడికెడు తీసి తొట్టిలో పడేసి వచ్చింది.

ఎర్ర దీపం.

భీమమ్మ బస్తా మీద కూలబడి నవ్వింది. "మొగోనికిస్తే ఏమాయె తాయప్పన్నా?"

తాయప్ప మొహం మాడిపోయింది. ఎవరు వేశారు ఆ పిడికెడు? తన బతుకులో ఎవడైనా పిడికెడు ఎక్కువ కొలిచాడా? కూలి దగ్గర, రేషన్ దగ్గర, బస్సులో సీటు దగ్గర అన్నీ తక్కువే. ఇన్నేళ్ల చేదు నమిలినా ఈ చెయ్యి మాత్రం నేర్చుకోలేదు, దరిద్రపు చెయ్యి! వాళ్ల నాయన జొన్నలు కొలిచి, రాశి ముగిశాక దోసెడు ఎక్కువ పోసేవాడు. ముగిశాక. మధ్యలో ఎన్నడూ కాదు.

అక్కడ ఆగింది అతని ఆలోచన.

"బిడ్డా, పొడికి ఎన్నడన్న ఎర్రదీపమొచ్చిందా?"

"లేదు కాకా. తవుడుకు గుడ రాలే."

"వస్తదా మరి! కొసరు ఆఖరుకే పడ్తది. ఉప్పు ఆఖరు గనక ఉప్పుల పడ్తున్నది. తవుడుకు ఎంత తేడా ఒప్పుకుంటది నీ డబ్బా?"

"కిలో దాంక."

"తవుడు పిడికెడు ఎంత తూగుతది? ఉఫ్ అంటే ఎగిరిపోతది. ఉప్పు ముందు పెట్టు, తవుడు ఆఖరు పెట్టు. ఏసుకోనియ్ కొసరు!"

సహన కళ్లు పెద్దవి చేసింది. "కాకా, ఉప్పు నడుమ పడితే కలిసేది గుడ మంచిగ కలుస్తది." కుర్చీలోంచి లేచింది. "నువ్వే మార్చు. గీ బాణం పట్టి తవుడును కిందికి గుంజు."

మొరటు వేలితో తాయప్ప తవుడును వరస చివరికి లాగాడు. సంఘం జీపు గేటు దగ్గర హారన్ కొట్టింది.

సంఘం వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తాయప్ప మీట నొక్కాడు. చెక్క పడింది, పిండి పడింది. భీమమ్మ ఉప్పు పోసింది, గంట మోగగానే చెయ్యి శుభ్రంగా వెనక్కి వచ్చింది. పొడి పోసింది. తవుడు పోసింది, గంట మోగింది. అప్పుడు చేట దించి, హాయిగా, నిండుగా పిడికెడు విసిరింది. హనుమాయమ్మ కళ్లు మూసుకుంది.

పచ్చ దీపం!

రెండోది పచ్చ. మూడోది పచ్చ. సంఘం పెద్దమనిషి దాణా అరచేతిలో నలిపి, వాసన చూసి, కాస్త నీళ్లలో కలిపి, ఉప్పు పరీక్ష కాగితం ముంచి అక్కడికక్కడే ఫలితం చూశాడు. "ఉప్పు సరిగ్గా ఉందమ్మా. సోమవారం నుంచి బండి పంపుతాం."

హనుమాయమ్మ గబగబా మీట దగ్గరికి నడిచింది. "అదిగో, మా మెషీన్ మేస్త్రి తాయప్ప" అంది అతన్ని చూపించి. ఆ మాట వినడానికి అతనికి యాభై ఏళ్లు పట్టింది. మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు.

జీపు కదలబోతుంటే షెడ్డులో యంత్రం మళ్లీ గర్జించింది.

"ఏవయ్యా, మూడేగా అడిగారు? నాలుగోది ఎందుకు తిప్పుతున్నావ్?" అని అరిచింది హనుమాయమ్మ.

తాయప్ప మీట మీది చెయ్యి తియ్యకుండా, ఎన్నాళ్లకో పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"కొసరమ్మా!"