హోబర్ట్ తుపాకీ లాకు

అక్టోబరు నెల శనివారం పందెంలో ఆర్డెల్లా స్టిల్ట్‌నర్ గెలిచి, బహుమతిగా పెట్టిన గొడ్డు వెనక తొడ ఇంటికి తెచ్చుకుంది. టెనెసీ కొండల్లోని ఆ లోయలో పాతకాలం తుపాకుల పందెం ఎన్నేళ్లుగానో సాగుతోంది. ఒక ఆడమనిషి గెలవడం మాత్రం ఎవరూ ఎరగరు. దుంగ మీద తుపాకీ ఆనించి, నేల మీద బోర్లా పడుకుని, అరవై గజాల అవతల మసి పట్టించిన పలక మీది అడ్డగీతల కూడలికి పది గుండ్లు కాల్చాలి. ఆమె కాల్చిన పదీ కోడిగుడ్డంత చోటులో పడ్డాయి. బడిలో పిల్లలకి వండిపెట్టే చేతులకి ఇంత గురి ఎక్కడిదని మగవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఆ తుపాకీ ఆమె భర్త హోబర్ట్‌ది. పక్క లోయలో ఉండిన జారెడ్ హాంక్ అనే కమ్మరి నూట నలభై ఏళ్ల కిందట చేసింది. మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండుని కడ్డీతో అడుగుదాకా దిగ్గొట్టాలి. మీట నొక్కితే చెకుముకి రాయి వచ్చి ఇనుప రెక్కని కొడుతుంది, నిప్పురవ్వలు రాలి మందు అంటుకుంటుంది. రాయీ రెక్కా బిగించిన ఆ ఇనుప పలకనే లాకు అంటారు. ఆ రోజుల్లో తక్కిన కమ్మరులు లాకులు ఇంగ్లండు నుంచి తెప్పించుకునేవాళ్లు. హాంక్ ఒక్కడే తన కొలిమిలో తానే చేసుకునేవాడు. అలాంటివి ఇప్పుడు రెండో మూడో మిగిలాయి.

బొగ్గుగని దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసి హోబర్ట్ పోయి రెండేళ్లయింది. ముప్ఫై ఏళ్లు అతను కాల్చాడు, ఆమె గుండ్లు పోత పోసింది, పందెం అయ్యాక వేడినీళ్లతో గొట్టం కడిగి లాకు విప్పి తుడిచింది. కాల్చడం మాత్రం అతను పోయాకే నేర్చుకుంది. నేర్పింది యూలిస్ రాట్లిఫ్. హోబర్ట్‌కి చిన్ననాటి స్నేహితుడు, పాత తుపాకులు బాగుచేసేవాడు, కొన్ని పోగుచేసుకున్నవాడు, పందెంలో ఎవరెప్పుడు కాల్చాలో చెప్పే లైను పెద్ద కూడా అతనే.

"హోబర్ట్ తుపాకీ గోడకి వేలాడుతుంటే నేను చూడలేనమ్మా. నువ్వే కాల్చాలి," అన్నాడు. ఆ చలికాలమంతా ఆదివారం చర్చి అవగానే తన పొలానికి తీసుకెళ్లి నేర్పాడు. "రాయి పడ్డాక కూడా కదలకు. గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది," అని వంద సార్లు చెప్పాడు. ఆమెకి ఏడుపొస్తే పక్కకి తిరిగి పొగాకు నమిలేవాడు.

ఆగస్టులో లాకు నిప్పు రాల్చడం మానేసింది.

"రెక్క మెత్తబడింది. కొలిమిలో పెట్టి గట్టిపరచాలి. నా దగ్గర వదిలెళ్లు," అన్నాడు యూలిస్.

మూడు వారాలకి తిరిగిచ్చాడు. మీట నొక్కితే రవ్వలు జల్లుగా రాలాయి. "స్క్రూలు ఇప్పుడప్పుడే కదపకు, కొత్తగా బిగించాను," అని జాగ్రత్త చెప్పాడు. ఎండు ఆపిల్ గుజ్జు పరిచి ఏడు పొరల కేకు చేసి అతనింటికి పంపింది ఆర్డెల్లా.

పందెం మర్నాడు చర్చి నుంచి వచ్చి, వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి తుపాకీ పెట్టింది. పై పైన తుడిస్తే ఆమెకి మనసొప్పలేదు. పందెం అయ్యాక లాకు విప్పకపోతే హోబర్ట్ ఊరుకునేవాడు కాదు. రెండు స్క్రూలూ తీసి లాకుని పైకి లాగింది.

లాకు కూర్చునే గుంట ఆమెకి కంఠతా వచ్చు. నూనే మసీ తాగి తాగి బొగ్గులా ఉండేది ఆ వాల్‌నట్ కర్ర. ఇప్పుడు ఒక పక్క వేలెడు మేర ఉలితో తీసేసి ఉంది. కర్ర లోపలి రంగు పచ్చిగా, లేతగా కనబడుతోంది. చేతిలోని లాకుని తిప్పి చూసింది. పైన పాతదానిలా మచ్చలు తెప్పించారు గానీ లోపల ఆకురాయి గీతలు తళతళలాడుతున్నాయి. అంటించే మందు పోసే చిన్న ఇనుప పళ్లెం కింద బార్లీ గింజంత తుప్పు గుంట ఉండేది, ముప్ఫై ఏళ్లు బొటనవేలితో రుద్దింది. అది లేదు.

ఆమె లాకుని ఏప్రను జేబులో వేసుకుని ట్రక్కు తీసింది.

యూలిస్ భార్య నార్వెల్లా వసారాలో కూర్చుని చిక్కుళ్లు దారానికి గుచ్చుతోంది.

"రా రా, పందెం రాణీ. కొట్లో ఉన్నాడు," అంది. "నీకు థాంక్స్ చెప్పాలనే అనుకుంటున్నా. ఆ లాకు ఇచ్చేశావటగా. పెద్ద మనసే నీది. ఇరవై ఏళ్లుగా దాని కోసం ఈయన నిద్రలో కూడా కలవరించాడు."

"నేనిచ్చానని చెప్పాడా?"

"కాదా మరి?" నార్వెల్లా చేతిలో సూది ఆగింది.

ఆర్డెల్లా కొట్లోకి నడిచింది. గోడకి యూలిస్ పోగుచేసిన తుపాకులు పదకొండు. నడిమధ్యలో మరో హాంక్ తుపాకీ. ఆమెకి తెలిసినన్నాళ్లూ అది లాకు లేకుండా, పన్ను ఊడిన నోటిలా ఉండేది. ఇవాళ నిండుగా ఉంది. దగ్గరకెళ్లి పళ్లెం కింద బొటనవేలు పెట్టింది. గుంట తగిలింది.

యూలిస్ బల్ల దగ్గర కళ్లజోడు తీసి పెట్టాడు.

"కూర్చో ఆర్డెల్లా, చెప్తాను."

"నిలబడే వింటాను."

"పాతది ఇంకెన్నాళ్లో రాదు. స్ప్రింగు నీరసించింది. పందెంలో మొరాయించేది. నీకు మంచిదే పెట్టాను. నిన్న గెలిచావా లేదా?"

"అడిగి ఉండాల్సింది."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇవ్వను."

"మరి?" అన్నాడు, ఏదో న్యాయం తేలిపోయినట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీకు కాల్చుకోవడానికి ఏదో ఒక లాకు చాలు. గోడ మీది ఈ హాంక్ తుపాకీకి ఇదే కావాలి. నీకు తేడా తెలుస్తుందనుకోలేదు."

"ముప్ఫై ఏళ్లు కడిగినదానికి తెలియదనుకున్నావా?"

అతను నేల చూపులు చూశాడు. "హోబర్టే అన్నాడు. తను పోతే ఆ లాకు నన్ను తీసుకోమని. గనిలో, ఒకసారి."

అబద్ధమే అయుంటుంది. నిజమే అయితే? చచ్చినవాణ్ని పిలిచి అడగలేదు కదా. లాకు పోయినందుకంటే ఈ ఒక్క మాటకే ఆర్డెల్లాకి ఎక్కువ మండింది.

"నా లాకు విప్పు," అంది.

అతను విప్పి గుడ్డలో పెట్టి ఇచ్చాడు. ఆమె జేబులో ఉన్నది తీసి బల్ల మీద పెట్టింది. వసారా మీదుగా వస్తుంటే నార్వెల్లా తలెత్తలేదు. ఒళ్లోని చిక్కుళ్లు నేల మీద పడిపోయి ఉన్నాయి.

పాత లాకు పాత గుంటలో ఇక గట్టిగా కూర్చోలేదు. తీసేసిన కర్ర మళ్లీ రాదుగా. తోలుముక్క దోపి బిగించుకుంది. ఊరంతా సంగతి పాకింది. కాల్చేవాళ్లలో కుర్రవాడు డార్సీ ఒకరోజు బడి వంటింటికొచ్చి, "తిరిగిచ్చేశాడుగా అత్తా. పెద్దాయన. పోనిద్దూ," అన్నాడు. మిగతా అందరిదీ అదే మాట. ఇలాంటిది జరిగినప్పుడు ఆమె వెళ్లి మొరపెట్టుకునేది యూలిస్‌కే. ఇప్పుడా గుమ్మమే లేకుండా పోయింది.

నవంబరు పందెంలో ఆమె వంతు వచ్చింది. దుంగ వెనక పడుకుని, తుపాకీ ఆనించి, రాయిని వెనక్కి లాగింది.

"లైను సిద్ధం. కాల్చుకో," అన్నాడు యూలిస్ వెనకనుంచి.

ఆమె కాల్చలేదు.

"ఆర్డెల్లా, కాల్చుకో."

"ఇతని మాట మీద నేను కాల్చను. ఇంకెవరైనా చెప్పండి," అంది తల తిప్పకుండా.

ఇరవైమంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కడూ ముందుకి రాలేదు. ఎవరో దగ్గారు. తడిసిన గడ్డి చల్లదనం ఆమె మోచేతులకి ఎక్కుతోంది. లేచి వెళ్లిపోవాల్సి వస్తుందనే అనుకుంది. అప్పుడు యూలిస్ బూట్లు రెండడుగులు వెనక్కి వెళ్లిన చప్పుడయింది. ఇంకో రెండు బూట్లు ముందుకొచ్చాయి.

"లైను సిద్ధం అత్తా," అన్నాడు డార్సీ.

రాయి పడింది, పొగ లేచింది. లాకు కదిలినట్టు ఆమెకి చెంప కింద తెలిసింది. పలక తెచ్చి చూపించారు. గుండు కూడలికి నాలుగు వేళ్లు కిందగా పడింది. ఆమె గొట్టం ఊది, మిగిలిన తొమ్మిదింటికి మందు కొలవడం మొదలుపెట్టింది.