ఇదెవడి మొహాన కొట్టను?

సరిహద్దున కరేలియా అడవిలో, యుద్ధానికి వచ్చాక అది మాకు రెండో చలికాలం. లేవగానే పొయ్యిలోకి కట్టెలు ఎగదోయడం, చొక్కా విప్పి పేలు ఏరుకోవడం, మంచు మీద జారే స్కీ చెక్కలకు తారు పూయడం, సరస్సు ఒడ్డున కాపలా కాయడం. ఇదీ మా బతుకు. శత్రువు కంటే చలి, చలి కంటే ఆకలి మమ్మల్ని ఎక్కువ విసిగించేవి.

మధ్యాహ్నం మంచుబండి మీద రై రొట్టె వచ్చేది. రాయిలా గడ్డకట్టిన ఆ రొట్టెను రంపంతో కోసుకునేవాళ్లం. కొట్లాటలు రాకుండా మాకో పద్ధతి ఉంది. ఒకడు గోడవైపు తిరిగి నిలబడతాడు. కోసినవాడు ఒక్కో ముక్క మీద చెయ్యిపెట్టి అది ఎవరిదని అడుగుతాడు. గోడవైపు వాడు పేరు చెబుతాడు. ముక్కలన్నీ అయ్యేదాకా వెనక్కి తిరగకూడదు.

కోసేది ఎల్యాస్, గోడవైపు నిలబడేది వాడి తమ్ముడు తౌనో. ఎవరైనా "ఇది ఎవరిది?" అని అడుగుతారు. ఎల్యాస్ మాత్రం "ఇదెవడి మొహాన కొట్టను?" అని అడిగి, తనే ముందు నవ్వేవాడు.

ఒకరోజు ఎల్యాస్ సరస్సు దాటి గస్తీకి వెళ్లాడు. మళ్లీ రాలేదు. శవం కూడా దొరకలేదు.

నేల తవ్వి దుంగలతో కట్టుకున్న మా గదిలో నలుగురం మిగిలాం. నేను, తౌనో, ఎత్తిపొడుపుల హుల్కో, నోరు విప్పని పెంట్టి. కార్పొరల్‌ని కాబట్టి రంపం నా చేతికొచ్చింది. నాలుగు ముక్కలు కోశాను. తౌనో మా ముగ్గురి పేర్లూ చెప్పి, తనకు రావాల్సిన చివరి ముక్కకి "మా అన్నది" అన్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి బయట పైన్ చెట్టుకు కట్టాడు. మర్నాటికి అది లేదు. ఏ పక్షో ఎత్తుకుపోయి ఉంటుంది. రోజూ అదే తంతు. మా గిన్నెల్లోంచి గంజి పోసినా తాగేవాడు కాదు. చివరికి కాపలాలో కాళ్లు తేలిపోయి మంచులో పడ్డాడు. నేనే ఈడ్చుకొచ్చాను.

"ఒరేయ్, నువ్వు కూడా పోతే మీ అమ్మకి నేనేం చెప్పాల్రా?"

"నేను పిలవకపోతే అన్నకి వాటా ఉండదు. వాటా లేకపోతే చచ్చిపోయినట్టే కదా!"

"చచ్చాడ్రా వాడు!" అని అరిచాను. అరవడం తప్ప నాకు ఇంకో వైద్యం తెలియదు.

"ఎందుకు గొంతు చించుకుంటావు కార్పొరల్? వీడికి చెవులు కూడా గడ్డకట్టాయి," అన్నాడు హుల్కో.

"అయితే రేపట్నుంచి రంపం నువ్వు పట్టు తౌనో. గోడవైపు నేనుంటా. ఆ పేరు నా నోట్లోంచి రాదు," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గోడవైపు తిరిగి నిలబడ్డాను. దుంగల మధ్య కుక్కిన నాచు మీద మంచు మెరుస్తోంది. వెనక రంపం ఆగింది.

"ఇది ఎవరిది?" తౌనో గొంతు.

"హుల్కోది."

"ఇది?"

"పెంట్టిది."

"ఇది?"

"నాది."

"ఇది?"

"నీది."

అయిపోయిందని తిరగబోయాను.

"ఇదెవడి మొహాన కొట్టను?"

చివర్లో అదే నవ్వు. నేను ఆలోచించలేదు. ఎప్పటిలాగే విసుక్కున్నాను. "మీ తమ్ముడి మొహానే కొట్టరా! ఎలా ఎండిపోయాడో చూడు."

అన్నాక గానీ ఎవరికి జవాబు చెప్పానో తట్టలేదు. వెనక్కి తిరిగాను. తౌనో రొట్టెను ఐదు ముక్కలు కోశాడు. ఐదోదాని మీద వాడి చెయ్యి ఉంది.

"ఎవరితో మాట్లాడావు కార్పొరల్?" హుల్కో గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "ఐదోసారి ఎవరూ ఏమీ అడగలేదే."

"అడుగుదామనే అనుకున్నా. నోరు పెగల్లేదు," అన్నాడు తౌనో. నా మొహంలోకే చూస్తున్నాడు. "అన్నేనా? నన్నే తినమన్నాడా?"

"అవున్రా. నిన్నే."

తౌనో కూలబడి రెండు ముక్కలూ తిన్నాడు. వెక్కుతూనే, ఒక్క తునక కూడా కింద పడకుండా తిన్నాడు.

మర్నాడు నాలుగే కోశాడు. నాలుగో పేరు చెప్పాక కూడా నేను గోడవైపే నిలబడిపోయాను. ఎల్యాస్ మళ్లీ అడిగితే బాగుండుననిపించింది.

"ఇంక తిరుగు కార్పొరల్, అయిపోయాయి," అన్నాడు తౌనో.