చలి సెలవులకు వదిలిన నీడ

సాయంత్రం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు వదిలే వేళకు మట్టయ్య ఆటో మెట్రో పిల్లరు పక్కన నిలబడి ఉంటుంది. ఎవరైనా కిరాయి అడిగితే "ఖాళీ లేదు" అంటాడు. తొంగి చూస్తే ఖాళీయే. కూతురు జ్యోతిక అక్కడ కోచింగ్‌కు పోయిన రెండేళ్లూ అట్లాగే నిలబడ్డాడు. పిల్ల మెట్లు దిగి రాగానే ఎక్కించుకుని ఎల్బీనగర్‌లో ఇంటికి తోలుకుపోయేవాడు. మూడేళ్ల కింద పిల్లకు సీటొచ్చి దూరం వెళ్లిపోయింది. అయినా ఏడయ్యేసరికి ఆటో ఆ పిల్లరు దగ్గరికే పోతుంది. అలవాటైన ఎద్దుకు దారి చెప్పనక్కర్లేదు కదా.

సీటు వచ్చింది హిమాచల్ కొండల్లో కల్దాన్ అనే చిన్న ఊళ్లో. ఒక కాలేజీ, రెండు హాస్టళ్లు, ఒక బజారు, అంతే ఊరు. చదువేమో పండ్ల తోటలది. "ఎల్బీనగర్‌ల ఆపిల్ చెట్టు యాడున్నదని గా సదువు మట్టన్నా?" అని ఇస్త్రీ బండి అండాలమ్మ ఆటపట్టించేది. "లేదు గనుకనే పోయింది" అనేవాడు మట్టయ్య. లోపల ఆయనకూ అదే అనుమానం.

డిసెంబరు ఆఖర్లో ఆ కాలేజీకి రెండు నెలల చలి సెలవులిస్తారు. పిల్లలు ఇళ్లకు దిగిపోతూ తమ నీడలను హాస్టల్లో వదిలి వెళ్లాలి. అక్కడి పద్ధతి అది. చలికి నీడలు బిరుసెక్కుతాయి, ఘాట్ రోడ్డు కుదుపులకు విరుగుతాయి. అందుకని వార్డెన్ పేర్లు రాసుకుని వాటిని కట్టెల పొయ్యి చుట్టూ కూర్చోబెడుతుంది. జ్యోతిక ఏటా సెలవులకు నీడ లేకుండానే ఇంటికి వచ్చేది. మేడ మీద ఎండలో బట్టలారేస్తుంటే కింద ఆ బట్టల నీడలు పడేవి గాని పిల్లది పడేది కాదు. అండాలమ్మ వీధిలోంచి తలెత్తి చూసి "చలి సెలవులిచ్చిన్రా బిడ్డా?" అని అడిగి మళ్లీ ఇస్త్రీలో పడేది.

ఈ ఏడు మాత్రం పిల్ల రానంది.

"నాయినా, ఈసారి ఈడనే ఉంట. మేము దిగినంక మంచు పడ్తది, ఎక్కేసరికి కరుగుతది. మూడేండ్ల సంది ఒక్కసారి సుత సూడలే. వార్డెన్ మేడమ్ ఉండుమన్నది," అని ఫోన్లో చెప్పింది.

"మీ అత్త కొత్తింట్లకు పోతున్నది. సుట్టాలందరొస్తరు. పిల్ల ఏదని అడిగితె ఏం జెప్పాలె? నా ఇజ్జత్ ఏంగావాలె? మంచు యాడికి పోతది, వచ్చే యేడు పడదా?" అన్నాడు మట్టయ్య.

"సరే నాయినా, ఒస్త" అంది.

వచ్చింది. అత్త ఇంట్లో వచ్చిన చుట్టాలందరికీ కొసరి కొసరి వడ్డించింది. జనవరి మొదటి వారంలో జ్వరం పట్టుకుంది. మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం కళ్లు మూసుకునే నవ్వి, అరచేతులు రెండూ రుద్దుకుంటూ "సల్లగున్నది నాయినా, మస్తు సల్లగున్నది" అంది. జ్వరం దిగుతోందని మట్టయ్య సంబరపడ్డాడు. ఆటోలో పడుకోబెట్టుకుని దవాఖానకు పోయేసరికే చేయి దాటిపోయింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఇన్నేళ్లలో ఎందరినో చేర్చిన ఆటో ఆ ఒక్కదాన్ని చేర్చలేకపోయింది.

మూడో రోజు మేడ మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేమిటో కనుక్కుని ఇంటివాళ్లు మాటివ్వాలి. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. మిర్చీబజ్జీని, కోడికూరను, పెరుగన్నాన్ని ఒక్కొక్కటే చూసి మొహం తిప్పుకుంది.

"మీ అమ్మను మంచిగ సూసుకుంటం బిడ్డా," అంది అత్త.

కాకి కదల్లేదు.

"నీ పుస్తకాలు ఎవ్వలికియ్యం," అన్నాడు చిన్నాయన. వెనకనుంచి ఇంకెవరో "నీ ఫోన్ సుత ముట్టం" అన్నారు. కాకి ఎగిరిపోయింది. దినాల నాడూ అంతే అయింది. వండినవి చల్లారిపోయాయి, ఆకలేసిన చుట్టాలు ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

కారణం ముత్తమ్మకే తట్టింది. తల్లి కదా.

"పిల్ల మొత్తం యాడ పోయింది? నీడ ఆడనే ఉండె. సగం పిల్లను సాగనంపితె కాకెట్ల ముడ్తది?" అంది మొగుడితో. జ్యోతిక ఇంట్లో తొడుక్కునే చెప్పుల జతను చున్నీలో చుట్టి చేతికిచ్చింది. "గివి ముందర పెట్టు, గుర్తువట్టి ఒస్తది. కాలేజీ తెరువకముందే తీసుకరా."

ఢిల్లీ దాకా రైలు, అక్కణ్నుంచి పెద్ద బస్సు, ఆ తర్వాత చిన్న బస్సు. మంకీక్యాపు, రెండు స్వెట్టర్లు, చంకలో చెప్పుల మూట. చలి సెలవుల్లో కల్దాన్, పెళ్లి అయిపోయిన ఫంక్షన్ హాలులా ఉంది. జిరాక్సు షాపు, టీ కొట్లు, మెస్సు, అన్నీ మూతే. నోటీసు బోర్డు మీద పాత పరీక్షల కాగితం గాలికి టపటపా కొట్టుకుంటోంది. పిల్ల మూడేళ్లు నడిచిన రోడ్డు అది. ఒక్కసారి వచ్చి చూసిపో నాయినా అని ఎన్నిసార్లు పిలిచినా, "ఆటో నీ తాత తోల్తడా?" అని నవ్వి దాటేసేవాడు. ఇప్పుడు తీరిక దొరికింది.

వార్డెన్ పేరు శకుంతలా నేగి. పొట్టి మనిషి, భుజాల మీద ముతక శాలువా. సంగతి విని మట్టయ్య చేతులు పట్టుకుంది. ఆమెది కొండ హిందీ, ఆయనది ఆటో హిందీ, అయినా దుఃఖం ఏ భాషలోనైనా తొందరగానే తెలుస్తుంది. ఆయన్ని కామన్ రూంలోకి తీసుకుపోయింది. పొయ్యి చుట్టూ గోడల మీద నలభై దాకా నీడలు కునుకుతున్నాయి. ఒకటి జుట్టు దువ్వుకుంటోంది. మట్టయ్య వాటన్నింటిలోనూ వెతికాడు. తన పిల్లది లేదు.

"మీ అమ్మాయిది లోపల ఎక్కడుంటుంది?" అంది నేగి. "మొదటి మంచు పడ్డ రోజు తలుపు సందులోంచి జారి బయటికి పోయింది. రెండు అరచేతులూ చాపి మంచు పట్టుకుంటూ నిలబడింది. అప్పటినుంచీ పగలంతా తోటలోనే."

"ఏ దినం పడ్డది?"

"ఆరో తారీకు. మధ్యాహ్నం."

పిల్ల అరచేతులు రుద్దుకున్నది ఆ మధ్యాహ్నమే. జ్వరం దిగిందనుకున్న తన సంబరం మట్టయ్యకు గుర్తొచ్చింది. పిల్ల పోయిన రోజు కూడా అంత ఏడవలేదు ఆయన.

కాలేజీ వెనక ఆపిల్ తోట. ఆకులు లేని చెట్లు, కింద మోకాలి లోతు మంచు, పైన ఎండ. ఆ తెలుపు మీద నీలంగా, జడ వేలాడుతూ, మనిషి లేకుండానే నీడ ఒకటి తిరుగుతోంది. ఒక్కో చెట్టు నీడ దగ్గర ఆగి, కొమ్మ మీది మంచు దులిపినట్టు చేయి ఊపి, పక్క చెట్టుకు పోతోంది. మట్టయ్య చాలాసేపు చూశాడు. ఇంట్లో ఎప్పుడూ చూడలేదు పిల్లను అంత నిదానంగా, అంత ఇష్టంగా ఒక పని చేస్తుంటే.

తర్వాత మూట విప్పి, చెప్పులను మంచు మీద పెట్టాడు.

నీడ తలెత్తింది. చేస్తున్న పని అక్కడే వదిలేసి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా నేరుగా వచ్చి ఆ చెప్పుల్లో నిలబడింది, తల వంచుకుని. "సరే నాయినా, ఒస్త" అన్నప్పుడు ఫోను అటువైపు పిల్ల ఎట్లా నిలబడిందో మట్టయ్యకు అప్పుడు కనబడింది.

"ఒద్దు బిడ్డా," అన్నాడు. "ఒక్కపారి పిలిచిన, సాలు. నువ్వు ఈడనే ఉండు."

నేగి తల అడ్డంగా ఊపింది. "కాలేజీ తెరిస్తే మిగతా నీడలు ఎవరివి వాళ్ల కాళ్ల దగ్గరికి పోతాయి. మనిషి లేని నీడ ఒంటరిగా ఉండలేదు, అన్నా. మంచుతో పాటే కరిగిపోతుంది."

"తోడుంటె?"

"ఎవరుంటారు తోడు?"

మట్టయ్య తన కాళ్ల వైపు చూసుకున్నాడు. యాభై రెండేళ్ల నీడ, ఆటో తోలీ తోలీ కాస్త వంగిపోయింది. "నాది నిలవడ్తది మేడమ్. దానికి పిల్లకోసం నిలవడుడు అలవాటే."

"వయసు పిల్లలైతే రెండు నెలలు ఓర్చుకుంటారు," అంది నేగి మెల్లగా. "ఈ వయసులో, అదీ ఎప్పటికీ వదిలేస్తే, నీడ లేని మనిషి ఎండకు బట్ట వెలిసినట్టు వెలిసిపోతాడు. మీ ఆయుష్షే తగ్గుతుంది."

"రాస్కోరి," అన్నాడు మట్టయ్య.

గేటు దాటుతూ వెనక్కి చూశాడు. తోట అంచున కంచె పక్కన వంగిన నీడ ఒకటి నిలబడి ఉంది. పిల్ల నీడ మళ్లీ చెట్ల మధ్యకు వెళ్లిపోయింది. చెప్పులు అక్కడే ఉన్నాయి.

వట్టి చేతులతో వచ్చినందుకు ముత్తమ్మ మాట్లాడటం మానేసింది. "ఆడనే మంచిగున్నది" అన్న మాటకు మించి మట్టయ్య ఏమీ చెప్పలేదు. తెల్లారకముందే ఆటో తీసేవాడు, చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. పగలంతా ఆటో టాపు కింద ఉండే మనిషి నీడను ఎవరు చూస్తారు?

నెల తిరిగిన రోజు పదింటికి మళ్లీ మేడ మీద పిట్టకు పెట్టారు. ఈసారి చుట్టాలెవర్నీ పిలవలేదు. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలి, విస్తరిని చూసి, మొహం తిప్పుకోబోయింది.

"నిన్ను మల్ల పిలువ బిడ్డా," అన్నాడు మట్టయ్య.

కాకి దిగి మిర్చీబజ్జీని ముట్టింది. తర్వాత కోడికూర. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు తుడుచుకుని కిందికి చూసేసరికి, వాటర్ ట్యాంకు పక్కన తన నీడ ఒక్కటే పడి ఉంది. పక్కన మొగుడు నిలబడ్డ చోట వట్టి ఎండ.

"నీదేది?" అంది. పదిహేను రోజుల తర్వాత ఆయనతో మొదటి మాట.

"పిల్లకాడున్నది."

"ఎన్నొద్దులు?"

మట్టయ్య కాకి వైపే చూస్తూ ఉండిపోయాడు. ముత్తమ్మ ఆయన్ని పరీక్షగా చూసింది. మెడ మీద నలుపు అప్పుడే కొంచెం వెలిసింది. కనుబొమ్మలు పలచబడ్డాయి. ఆమె ఎండ వచ్చే వైపుకు రెండడుగులు జరిగి, తన నీడ ఆయన మీద పడేటట్టు నిలబడింది.

"ఇటు జరుగు," అంది. "ఎండ గొడ్తది."

కాకి పెరుగన్నం తినేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు.